ఒక్క చీర కూడా మడవను

జూలై 31, గురువారం

మ. 12.20. ఇన్‌ఛార్జినయ్యాను!!

స్టాకు రూములో అట్టపెట్టె మీద కూచుని రాస్తున్నాను. ఇంకోసారి, కుదురుగా: అమలాపురం మెయిన్ రోడ్డులో మా చీరల షాపు మొదటి అంతస్తుకి రేపటినుంచి ప్రశాంతి ఇన్‌ఛార్జి. పట్టు కౌంటరు, ఫ్యాన్సీ కౌంటరు, డ్రెస్సు ముక్కలు, ఏడుగురు మనుషులు, ఒక మంచినీళ్ళ క్యాను, అన్నీ నా కిందే. ఎం.బి.ఏ. చదివి నాలుగేళ్ళు కౌంటర్లో నిలబడ్డదానికి కుర్చీ! గుండ్రంగా తిరిగే కుర్చీ!

ఓనరు గోవిందరాజులు గారు పిలిచి చెప్పింది, ఉన్నది ఉన్నట్టు:

"చూడమ్మా ప్రశాంతీ. ఆ కుర్చీలో ఇప్పటిదాకా మావాళ్ళే కూచునేరు. మా బావమరిది ఆరేళ్ళు కూచున్నాడు, ఆరేళ్ళూ నిద్రపోయేడు. నువ్వు చదువుకున్నదానివి. ఆగస్టు నెలంతా చూస్తాను. బాగుందా, కుర్చీ నీది. బాగోలేదా, రాజమండ్రిలో మా తోడల్లుడి కొడుకు ఖాళీగానే ఉన్నాడు. నువ్వు మళ్ళీ కౌంటర్లోకెళ్ళి నిలబడతావు."

"ఆయ్, అలాగేనండి."

"ఇంకో మాట. ఇన్‌ఛార్జి అంటే చీర మడతపెట్టే మనిషి కాదు, పెట్టించే మనిషి. ఈ ముక్క మావాడికి చెప్తే రెండోది కూడా మానేసేడు."

మళ్ళీ కౌంటర్లోకి వెళ్ళడమంటే ఏమిటో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ఎక్కి దిగిన పిల్ల అని పేరు పడుతుంది. బస్సులో పక్క సీటావిడ కూడా అడుగుతుంది, "ఎందుకు దింపేసేరండీ?" అని.

అందుకని తీర్మానం. ఆగస్టు 1 నుంచి 31 దాకా:

1. నా చేత్తో ఒక్క చీర కూడా మడవను. చెప్పి చేయిస్తాను.
2. ఏదైనా ఒక్కసారే చెప్తాను.
3. అందరికీ ఒకటే న్యాయం. స్నేహాలు షట్టరు బయట.
4. కుర్చీలో ఊరికే గుండ్రంగా తిరగను.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ: "అయితే ఇంక కూచునే ఉద్యోగమన్నమాట. మోకాళ్ళకి మంచిది." ఎం.బి.ఏ. చదివించిన తల్లి!

ఆగస్టు 1, శుక్రవారం

మడిచిన చీరలు: 0

పొద్దున్న మామిడికుదురులో బస్సెక్కి, ఫోన్లో కోటు వేసుకుని పాఠాలు చెప్పే ఒకాయన (కోటాయన) వీడియో పెట్టుకున్నాను. కొత్త లీడరు చెయ్యవలసిన ఏడు పనులు. బోడసకుర్రు వంతెన మీద సిగ్నల్ పోయింది. నాలుగు పనులే తెలిశాయి. చాలు.

ఉ. 9.30. మొదటి మీటింగు. వాళ్ళు నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. (కుర్చీ ఒకటే.) "ఇకనుంచి మనమంతా ఒక టీము" అన్నాను. అందరూ కిందికి చూశారు.

స్పందనలు:

కృపమ్మ గారు. పట్టు కౌంటరు. ఈ షాపుకి మొదటి అంతస్తు లేనప్పటినుంచి ఉన్న మనిషి, ఇరవై రెండేళ్ళ సర్వీసు. కోనసీమలో సగం పెళ్ళికూతుళ్ళకి మొదటి చీర విప్పి చూపించింది ఆవిడే. నాకు పని నేర్పిందీ ఆవిడే. "మంచిదమ్మడూ. ఆ కుర్చీకి ఎడమ చెయ్యి ఊగుతుంది, ఆనుకోకు" అంది.

మెర్సీ. నాతోపాటు ఒకే రోజున చేరింది. నాలుగేళ్ళుగా ఒకే డబ్బాలో తిన్నాం. గట్టిగా కౌగిలించుకుంది. కాని అర సెకను ముందే వదిలేసింది. నేను గమనించాను.

అంజిబాబు గారు. డ్రెస్సు ముక్కలు. నలభై ఆరేళ్ళు, చేతులెప్పుడూ వెనక్కి కట్టుకుని ఉంటాడు. నేనేం చెప్పినా "ఆయ్, అలాగేనండి మేడం" అన్నాడు. ఎంత వినయం! ఈయనతో ఏ ఇబ్బందీ ఉండదు.

సా. 6.00. అంజిబాబు గారికి చెప్పిన పనులు నాలుగు. అయినవి సున్నా. రేపు చేస్తాడు కాబోలు. (నియమం 2.)

ఆగస్టు 2, శనివారం

మడిచిన చీరలు: 0

మ. 2.00. స్టాకు రూములో భోజనాలు. నేను తలుపు తియ్యగానే మాటలు ఆగిపోయాయి. మూడు సెకన్లయ్యాక ఎవరో "ఈ ఏడు వానలు తక్కువే" అన్నారు. బయట కుండపోత.

అసలు నష్టం ఇది: శ్రావణమాసం మా ఇంట్లో నీచు వండరు. ఏటా ఈ నెలంతా మెర్సీ డబ్బాయే నాకు దిక్కు. ఇవాళ గోంగూర రొయ్యలు. మెర్సీ నావైపు చూసి, "మేడం గారు తింటారో తినరో" అని మూత పెట్టేసింది.

లీడర్షిప్ అంటే ఒంటరితనం, అని కోటాయన చెప్పాడు. రొయ్యల గురించి చెప్పలేదు.

ఆగస్టు 4, సోమవారం

మడిచిన చీరలు: 1

అది మడత కాదు, డెమో. అంజిబాబు గారు పట్టుచీరని దుప్పటి మడిచినట్టు మడుస్తున్నాడు, జరీ బయటికి వచ్చేలా. "ఇలా కాదండీ" అని ఒకటి చేసి చూపించాను. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. తరవాతది కూడా దుప్పటే.

సా. 4.00. ఇంకో పదకొండు డెమోలు. పైన రాసిన లెక్క దిద్దడం లేదు, సిరా అలుక్కుపోతుంది.

ఆగస్టు 6, బుధవారం

మడిచిన చీరలు: 38 (ఎల్లుండి వరలక్ష్మీవ్రతం. పండగ రద్దీ లెక్కలోకి రాదు.)

కోటాయన కొత్త వీడియో: తప్పు చెప్పేటప్పుడు ముందు ఒక మెచ్చుకోలు, మధ్యలో తప్పు, చివర ఇంకో మెచ్చుకోలు, శాండ్‌విచ్ లాగ. సరే.

"అంజిబాబు గారూ, మీ ఓపిక చాలా గొప్పదండి. చీర మడత మాత్రం అస్సలు బాగోలేదు. అయినా మీ నవ్వు బాగుంటుంది."

ఆయన పైదీ కిందదీ తిని, మధ్యది పళ్ళెంలో వదిలేశాడు. సాయంత్రానికి షాపంతా తెలిసిపోయింది: మేడం గారికి అంజిబాబు నవ్వు నచ్చిందట.

ఆగస్టు 7, గురువారం

మ. 12.10. అంజిబాబు గారి భార్య కుసుమ గారు వ్రతానికి చీర కొనడానికి వచ్చారు. కొనలేదు. నా కుర్చీ ఎదురుగా నిలబడి, తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూశారు. "మీరేనా అండీ" అన్నారు. "ఆయ్, నేనేనండి" అన్నాను. "మంచిదండి" అని వెళ్ళిపోయారు.

ఆ రెండు నిమిషాలూ అంజిబాబు గారు నవ్వలేదు. మొదటిసారి ఒక చీర జరీ లోపలికి వచ్చేలా మడిచాడు! కుసుమ గారిని ఇన్‌ఛార్జి చేస్తే సరిపోయేది.

ఆగస్టు 11, సోమవారం

మడిచిన చీరలు: 22 (పండగ తరవాతి రద్దీ)

మెర్సీ కుర్చీ దగ్గరికొచ్చింది. తనంతట తను! పదకొండు రోజుల్లో మొదటిసారి.

"ఒసే, మేడం గారూ. ఒక మాట అడుగుతా, ఏమనుకోకు. పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళంతా సరాసరి కృపమ్మ గారి దగ్గరికే పోతారు. నాకేమో జాకెట్టు ముక్క బేరం. రోజంతా విప్పితే ఒక్కటి తెగదు. అందరికీ ఒకటే న్యాయం అన్నావు కదా?"

అన్నాను. నియమం 3. నిజమే కదా! వచ్చిన ప్రతివాళ్ళూ "కృపమ్మేదమ్మా" అంటారు. ఒక్కో ఇల్లు ఒక్కో అమ్మేమనిషిని పట్టుకుని ఉండడం, అమ్మ కొన్నచోటే కూతురు కొనడం, ఇదంతా పాత పద్ధతి. మార్పు తేవాలి. నేను తేవాలి.

మ. 3.00. తెల్లబోర్డు కొన్నాను. టర్ను బోర్డు! ఏడు పేర్లు వరసగా. మెట్లెక్కి ఎవరొచ్చినా, ఎవరి టర్నయితే వాళ్ళే చూపించాలి. ఎవరొచ్చినా సరే.

కృపమ్మ గారు కళ్ళజోడు పెట్టుకుని బోర్డంతా చదివింది. "బస్టాండులో ఆటోలకి పెట్టేరు ఇలాగే" అంది. అంతే.

ఆగస్టు 12, మంగళవారం

మడిచిన చీరలు: 4

బోర్డు బ్రహ్మాండం! అందరూ ఉత్సాహంగా ఉన్నారు. మెర్సీకి రాజోలు పార్టీ తగిలింది, మూడు పట్టుచీరలు తెగాయి. మధ్యాహ్నం నా కంచంలో చేపల పులుసు. పెద్ద ముక్క.

నాకు ఈ ఉద్యోగం వచ్చేసింది. కుర్చీలో గుండ్రంగా ఒకసారి తిరిగాను. ఒకసారే.

ఆగస్టు 13, బుధవారం

మడిచిన చీరలు: 64

వరసగా రాస్తాను, లేకపోతే నేనే నమ్మను.

మ. 3.35. కొత్తపేట నుంచి సుందరి గారి కుటుంబం. వ్యానులో పదకొండుమంది. మనవరాలి పెళ్ళి కార్తీకంలో. భాద్రపదం శూన్యమాసం, అందులో పెళ్ళిబట్టలు కొనరు కాబట్టి శ్రావణం దాటకముందే వచ్చారు. ఏడాది మొత్తంలో ఇంతకన్నా పెద్ద బేరం మా అంతస్తుకి రాదు.

"కృపమ్మేదమ్మా?" అన్నారు సుందరి గారు మెట్ల మీదనుంచే.

బోర్డు చూశాను. టర్ను: అంజిబాబు.

"ఉన్నారండి. ఇవాళ మీకు అంజిబాబు గారు చూపిస్తారు. మా దగ్గర అందరూ ఒకటేనండి."

"అందరూ ఒకటే అయితే ఇంత దూరం ఎందుకొస్తామమ్మా?"

3.40. కృపమ్మ గారు ఫ్యాన్సీ కౌంటర్లో తన టర్ను జాకెట్టు ముక్క వదిలేసి వచ్చి, నా చెవిలో: "అమ్మడూ, ఆ ఇంటి సంగతి నాకొదిలెయ్యి. తోడికోడళ్ళిద్దరికీ పడదు. ముందు పెద్దకోడలికి విప్పాలి. చిన్నదానికి చూపించే చీర దానికి ఒక్క పిసరు తక్కువుండాలి. అంజిబాబుకి తెలీదు."

నేను ఏమన్నానో కూడా రాయాలి. రాస్తున్నాను. "టర్ను అంటే టర్నేనండి, కృపమ్మ గారూ." కోటాయన గొంతుతో.

3.55. అంజిబాబు గారు మెరూన్ కంచిపట్టు విప్పి, చిన్నకోడలి భుజం మీద వేశాడు. "మీ ఒంటిరంగుకి దీన్ని మించింది ఈ షాపులో లేదండి." చిన్నకోడలు అద్దంలో చూసుకుంది. పెద్దకోడలు ఫోన్ చూసుకుంది.

4.10. పెద్దకోడలి వైపు తిరిగి, తన ప్రసిద్ధమైన నవ్వు నవ్వి: "మీకు లేతరంగులు చూపిస్తానండి. వయసుకి తగ్గట్టు హుందాగా ఉంటాయి."

పెద్దకోడలు ఫోన్ సంచిలో పెట్టేసింది.

4.12. "అత్తయ్యా, నాకు తలనొప్పిగా ఉంది. వ్యానులో కూచుంటాను." ఆవిడ వెనక ఆవిడ పిల్లలిద్దరు. పిల్లల వెనక పెళ్ళికూతురు (ఆవిడ కూతురే). పెళ్ళికూతురి వెనక పెళ్ళి.

4.20. "మళ్ళీ వస్తాం లెండి" అని సుందరి గారు కూడా దిగిపోయారు. కిటికీలోంచి చూశాను. వ్యాను కదిలింది. ముప్ఫై అడుగులు వెళ్ళి ఎదురు షాపు ముందు ఆగింది.

పరుపు మీద విప్పిన చీరలు అరవై నాలుగు. అందరికీ వేరే టర్నులున్నాయి. అంజిబాబు గారు టీకి వెళ్ళాడు. పట్టుచీర మడవడానికి ఇద్దరు కావాలి. ఒక కొస నేను పట్టుకున్నాను. రెండో కొస కృపమ్మ గారు వచ్చి పట్టుకుంది. అరవై నాలుగూ ఇద్దరమే మడిచాం.

ఆగస్టు 14, గురువారం

ఓనరు గారు నిన్న ద్రాక్షారామం వెళ్ళారు, షాపులో లేరు. పొద్దున్న ప్రసాదంతో వచ్చారు, వార్తతో కూడా.

"కొత్తపేటవాళ్ళు ఎదురు షాపు సంచుల్తో వెళ్ళేరంట. ఆ ఇల్లు ఇరవై ఏళ్ళనించీ కృపమ్మదే కదా. ఏం చేస్తోందమ్మా ఆవిడ?"

నోరు తెరిచాను. కుర్చీ కనిపించింది. రాజమండ్రి తోడల్లుడి కొడుకు కూడా కనిపించాడు, నేనెప్పుడూ చూడకపోయినా.

"ఆ టైములో ఆవిడ పట్టు కౌంటర్లో లేరండి."

నూటికి నూరుపాళ్ళు నిజం. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. ఇంత శుభ్రమైన నిజం జీవితంలో చెప్పలేదు.

"వయసైపోయిందమ్మా పాపం" అన్నారు ఓనరు గారు. "రేపట్నించి కింద లంగాల కౌంటర్లో కూచోమని చెప్పు."

చెప్పు, అన్నది నాతో. చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఆయ్, మంచిదండి" అంది. నాలుగేళ్ళలో నన్నెప్పుడూ అండి అనలేదు.

ప్రసాదం తినలేదు. ఆకలి లేక.

ఆగస్టు 16, శనివారం

మడిచిన చీరలు: 41

నిదానంగా ఆలోచిస్తే:

కింద మెట్లెక్కే పని లేదు. ఆవిడ వయసుకి అదే నయం.
ఏసీ గాలి పడదని ఆవిడే ఒకసారి అంది. (రెండేళ్ళ క్రితం, జలుబు చేసినప్పుడు.)
ఓనరు గారు నన్ను పూర్తిగా అడగలేదు. అడిగినదానికి చెప్పాను.
బోర్డు పెట్టమన్నది మెర్సీ.
చీర వేసింది అంజిబాబు గారు.
శూన్యమాసం పెట్టింది నేను కాదు.

చదువుకుంటే బాగానే ఉంది. రెండోసారి చదవలేదు.

ఆగస్టు 18, సోమవారం

మడిచిన చీరలు: 77

ఇవాళ ఐదు ఇళ్ళవాళ్ళు మెట్లెక్కి "కృపమ్మేదమ్మా" అన్నారు. కింద ఉన్నారంటే కిందికి దిగారు. దిగినవాళ్ళు తిరిగి ఎక్కలేదు. లంగాల కౌంటరు చుట్టూ కుర్చీలు వేశారట, మాటలే మాటలట. పైన ఏసీ ఒకటే మోగుతోంది.

బోర్డు తీసేశాను. ఎవరూ అడగలేదు, ఎందుకు తీశావని.

ఆగస్టు 20, బుధవారం

మడిచిన చీరలు: 112

ఎవరూ ఏ పనీ చెయ్యడం లేదు. మానేసి కాదు, చాలా మర్యాదగా. "మేడం, ఈ చీర ఏ అరలో పెట్టమంటారండి?" "మేడం, లైటు వెయ్యమంటారా?" "మీరు చెప్తే చేస్తామండి." నాలుగేళ్ళుగా ఆ అరల్లో సర్దుతున్న మనుషులు!

సా. 4.30. మెర్సీని స్టాకు రూములోకి లాక్కెళ్ళి అడిగాను. "ఏమిటే ఇది? నామీద పగా?"

"పగెందుకే? భయం." రొయ్యలకి మూత పెట్టినంత మామూలుగా చెప్పింది. "ఆ రోజు కృపమ్మ గారు నీ చెవిలో చెప్పింది మేమందరం చూసేం. నువ్వు టర్ను అంటే టర్నే అనడం విన్నాం. మర్నాడు ఆవిడ కిందికి పోయింది, నువ్వు ఇక్కడే ఉన్నావు. రేపు నేను లైటు వేసి బల్బు పేలిందనుకో, ఎవరు పోతారు? అందుకే అడిగి వేస్తున్నాం."

"బోర్డు నువ్వే కదా అడిగింది!"

"అడిగేను. నేను జాకెట్టు ముక్కల మనిషిని, అడుగుతాను. వద్దనడానికే కదా నీకు కుర్చీ ఇచ్చింది?"

ఎం.బి.ఏ. నాకెందుకిచ్చారో, దీనికెందుకివ్వలేదో.

ఆగస్టు 22, శుక్రవారం

మ. 1.15. కిందికి వెళ్ళాను. క్షమాపణ చెప్పడానికే. మెట్లమీద వాక్యం కూడా తయారు చేసుకున్నాను.

కృపమ్మ గారు నేల మీద మోకాళ్ళ మీద కూచుని కింది అరలోంచి లంగాలు తీస్తోంది. అన్నీ కింది అరల్లోనే ఉంటాయి. లేవడానికి కౌంటరు అంచు పట్టుకుంది.

"చెప్పండమ్మా. ఏ రంగు?"

"అది కాదండి, నేను..."

"నీలమా? నాడాలదా, ఎలాస్టిక్కా?"

వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాక్యం మరిచిపోయాను.

రెండు లంగాలు కొనుక్కుని పైకి వచ్చాను. ఒకటి నీలం.

ఆగస్టు 23, శనివారం

మడిచిన చీరలు: లెక్కపెట్టలేదు. లెక్క ఎవరికోసం?

ఓనరు గారు కుర్చీ దగ్గరికే వచ్చారు. "దసరా అయ్యేక కృపమ్మని ఇంటికి పంపించేద్దామనుకుంటున్నానమ్మా. కొత్తపేట బేరం ఆవిడవల్ల పోయిందని ఒక కాగితం రాసియ్యి. ఊరికే మానిపించేనంటే నలుగురూ నన్నే అంటారు. సోమవారానికియ్యి."

"ఆయ్, అలాగేనండి."

చెప్పగానే తెలిసింది, అంజిబాబు గారు ఆ మాట ఎందుకంటాడో. దాని వెనక ఎన్నాళ్ళయినా దాక్కోవచ్చు.

ఆగస్టు 25, సోమవారం

కాగితాలు, రాసిన వరసలో:

ఒకటి. "సమాచార లోపంవల్ల కొత్తపేట బేరం చేజారినది." ఎవరి సమాచారం, ఎవరి లోపం? ఎవరిదీ కాదు. గాలిది. కోటాయనకి నచ్చుతుంది.

రెండు. "సిబ్బంది మధ్య సమన్వయం కొరవడినందువల్ల." సిబ్బందిలో నేనూ ఉన్నాను కదా అని సంతోషించాను. అరగంటసేపు.

మూడు. "కృపమ్మ గారు ఆ సమయమున సదరు కౌంటరులో లేకపోవుటవలన." ఇది చాలా బాగా వచ్చింది. ప్రభుత్వ కాగితంలా ఉంది. దీంతో కుర్చీ నాదే. ఆరునెలల్లో కొత్త కుర్చీ అడగొచ్చు, ఎడమ చెయ్యి ఊగనిది. రెండు మడతలు పెట్టి చేతిలో పట్టుకుని ఓనరు గది దాకా నడిచాను. తలుపు దగ్గర, మడత విప్పి ఇంకోసారి చదివాను. ఆవిడ పూర్తి పేరు రాయడానికి ఇంటిపేరు కావాలని తట్టింది. నాలుగేళ్ళు ఆవిడ దగ్గర పని నేర్చుకున్నాను. ఇంటిపేరు తెలియదు. తీసెయ్యడానికి మాత్రం కావలసి వచ్చింది.

నాలుగు. "కొత్తపేట బేరం నావల్ల పోయింది. కృపమ్మ గారు ఎలా చూపించాలో చెప్పారు, నేను వినలేదు. పధ్నాలుగో తేదీన మీరు అడిగినప్పుడు ఈ సంగతి దాచాను. ఇట్లు, ప్రశాంతి."

సా. 5.10. ఓనరు గారు వేలు పెట్టి ఒక్కో మాటా చదివారు.

"ఇది ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"భయమేసిందండి."

"ఇవాళ వెయ్యలేదా?"

"ఇవాళా వేసిందండి."

కాగితం సొరుగులో పెట్టారు. "కృపమ్మని పైకి రమ్మను. నీ సంగతి ముప్ఫయ్యొకటిన చెప్తాను."

రమ్మను, అన్నది కూడా నాతోనే.

ఆగస్టు 26, మంగళవారం

ఉ. 9.15. కిందికి వెళ్ళాను. ఈసారి ఏమీ కొనలేదు. అంతా చెప్పాను, కాగితం సంగతి కూడా. లేచి నన్ను దగ్గరికి తీసుకుంటుందని లోపల ఎక్కడో అనుకున్నాను. ఎందుకు దాచాలి, అనుకున్నాను.

కృపమ్మ గారు లంగాల కట్ట పక్కన పెట్టింది. "ఈ ముక్క ఆ రోజే అనుంటే, పదకొండు రోజులు నా మోకాళ్ళు నొప్పెట్టేవి కావు."

"తప్పయిపోయిందండి."

"నాతో ఇక్కడ గుసగుసగా చెప్తే సరిపోద్దా? నన్ను కిందికి పంపింది అందరూ చూసేరు. పైకొచ్చేది కూడా చూడాలి. మీటింగులో చెప్పు, గట్టిగా. అప్పుడొస్తాను."

ఉ. 9.40. మీటింగు. చెప్పాను. "కొత్తపేట బేరం పోయింది నావల్ల. మాట పడింది కృపమ్మ గారు." వెనకటి మీటింగులో అందరూ కిందికి చూశారు. ఇవాళ నావైపు చూశారు. కిందికి చూసినా బాగుండేది.

చివరికి అంజిబాబు గారు: "ఆయ్, అలాగేనండి మేడం."

మెర్సీ పగలబడి నవ్వింది. తరవాత అందరూ. కృపమ్మ గారు మాత్రం నవ్వలేదు. మెల్లగా మెట్లెక్కి, పట్టు కౌంటర్లోకి వెళ్ళి, నేను సర్దిన అర మొత్తం కిందికి లాగి మళ్ళీ సర్దుకుంది. నా మడతలు ఒక్కటి కూడా ఉంచలేదు.

ఆగస్టు 29, శుక్రవారం

చవితి వెళ్ళింది. మెర్సీ అడక్కుండా లైటు వేసింది. బల్బు పేలలేదు.

మ. 2.00. భోజనాల దగ్గర చోటు జరిగారు. శ్రావణం అయిపోయింది కాబట్టి నా డబ్బాలో కూడా కోడికూర ఉంది. మొదట కృపమ్మ గారికి పెట్టాను. తీసుకుంది. "ఉప్పు తక్కువ" అంది.

ఆగస్టు 31, ఆదివారం

మడిచిన చీరలు: 9. అన్నీ నేను, కృపమ్మ గారు, చెరో కొసా పట్టుకుని. ఒకసారి ఆవిడే అంది: "సుందరి గారికి ఫోన్ చేసేను. బంధువులకి పెట్టే చీరలు ఇంకా కొనలేదంట. శూన్యమాసం దాటేక, దసరాల్లో వస్తామన్నారు. పెద్దకోడలు కూడా వస్తుందంట, ఆ నవ్వే ఆయన లేకపోతే."

సా. 4.45. ఓనరు గారు పిలిచారు.

"ఏం చెయ్యమంటావమ్మా నిన్ను?"

"మీ ఇష్టమండి."

"మా తోడల్లుడి కొడుక్కి ఫోన్ చేసేను. కుర్చీ పక్కన ఛార్జింగు పెట్టుకోడానికి ప్లగ్గుందా అని అడిగేడు." సొరుగులోంచి నా కాగితం తీశారు. "మా బావమరిది ఆరేళ్ళలో ఒక్క తప్పు కూడా ఒప్పుకోలేదు. నువ్వు ఒకటి ఒప్పుకున్నావు. ఆలస్యంగా. ఇంకో నెల చూద్దాం."

పాసూ కాదు, ఫెయిలూ కాదు. సప్లిమెంటరీ!

సా. 5.20. స్టాకు రూము. కొత్త తీర్మానం, సెప్టెంబరు 1 నుంచి 30 దాకా. ఈసారి ఒక్కటే పెట్టుకుంటున్నాను, ఖాయంగా నిలబడేది:

తప్పు చేస్తే ఆ రోజే చెప్తాను.

ఆ రోజే అంటే, షట్టరు వేసేలోగా. ఓనరు గారు ఊళ్ళో లేకపోతే మర్నాడు. ఆయన మొహం బాగోకపోతే ఎల్లుండి. మొత్తానికి మూడు రోజులు దాటనివ్వను.

దసరా రద్దీ అయితే నాలుగు.